సెప్పరా మీ పెదనాన్నకి

మనిషికి స్వేచ్ఛ ఉందా లేదా అన్న ప్రశ్న మీద బతికినవాణ్ణి నేను. కాలేజీలో ఫిలాసఫీ పాఠం చెప్పేవాణ్ణి. ఏటా పరీక్షలో ఆ ప్రశ్న ఏదో ఒక వేషంలో వచ్చి తీరేది. పిల్లలు సగం పేజీ ఉందని, సగం పేజీ లేదని రాసి, ఆఖర్న రెండూ నిజమేనని గీత కొట్టేవారు. నేను మార్కులు వేసేవాణ్ణి. ఎవరి పేపరు దిద్దుతున్నా నా కళ్ళ ముందు మాత్రం చోడవరం పక్కన మా నూతిగట్టే ఉండేది. దాని మీద అటొకరు, ఇటొకరు నిలబడ్డ ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ళ మధ్య నేను.

అసలు ఫిలాసఫీలోకి వచ్చిందే నా ఇష్టంతో కాదు. నేను వెళ్ళేసరికి బి.ఎ.లో మిగతా గ్రూపులన్నీ నిండిపోయాయి. ఆఫీసు గుమస్తా తలెత్తకుండా "ఇదొక్కటే ఉందయ్యా, నీ ఇష్టం" అన్నాడు. సంకల్ప స్వేచ్ఛ గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. అంతకంటే మంచి పాఠం తర్వాత ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఆ అన్నదమ్ముల్లో తమ్ముడు మా నాన్న. అన్న మా పెదనాన్న. ఇద్దరివీ ఒకే పెరడు, ఒకే నుయ్యి, పక్కపక్కన చెరుకు చేలు. నాన్నకి నేనొక్కణ్ణి. పెదనాన్నకి పిల్లలు లేరు కాబట్టి ఆయనకీ నేనొక్కణ్ణే. పొద్దున్న అమ్మ పెట్టిన చద్దన్నం తిని, మధ్యాహ్నం పెద్దమ్మ వండిన కూర తినేవాణ్ణి. ఏ ఇంట్లో పడుకుంటే ఆ ఇంట్లోనే తెల్లారేది. నాకు ఆ రెండిళ్ళూ వేరని తెలిసింది నాన్నకీ పెదనాన్నకీ మాటలు పోయాకే.

మా వైపు "మాటల్లేవు" అంటే చిన్న విషయం కాదు. దెబ్బలాట అయితే నాలుగు రోజులకి చల్లారుతుంది. కోర్టుకెక్కితే ఎప్పటికో ఒకప్పుడు తీర్పొస్తుంది. మాటల్లేకపోవడానికి తీర్పు లేదు. పెళ్ళి పిలుపుల దగ్గర్నుంచి బియ్యం అరువు దాకా అన్నీ జరుగుతూనే ఉంటాయి, మాట ఒక్కటే ఉండదు. ఎందుకు పోయాయని అడిగితే పిల్లలు కూడా చెప్పగలరు. ఎందుకు తిరిగి రావని అడిగితే ముసలాళ్ళు కూడా చెప్పలేరు.

అది నా కళ్ళ ముందే జరిగింది. అప్పటికి నాకు పలక వదిలి పుస్తకాలు వచ్చాయి. చెరుకు కొంత గోవాడ పంచదార ఫ్యాక్టరీకి బళ్ళ మీద తోలేవాళ్ళం, మిగిలింది మేమే ఆడి బెల్లం వండి అనకాపల్లి పంపేవాళ్ళం. ఆ మధ్యాహ్నం బెల్లం పాకలో బండి చక్రమంత పెనంలో రసం మరుగుతోంది. కింద ఎండు చెరుకు పిప్పి మంట. బెల్లంలో అసలు విద్య అంతా పెనం ఎప్పుడు దించాలన్న దగ్గరే ఉంది. ముందు దించితే దిమ్మ కట్టదు, ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. పెదనాన్న పాకం నీళ్ళలో వేసి, వేళ్ళ మధ్య నలిపి చూసి "దింపండ్రా" అన్నాడు. నాన్న తనూ నలిపి చూశాడు.

"ఉండండి. ఇంకో పొంగు రావాల" అన్నాడు.

పెనం మోయడానికి కర్రలు దోపి నిలబడ్డ కూలీలు అన్న వైపు చూశారు, తమ్ముడి వైపు చూశారు. ఎవరి మాట వింటే ఎవరికి కోపమోనని కర్రలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. వీళ్ళిద్దరూ దింపమని ఒకరూ వద్దని ఒకరూ అరుచుకుంటున్నారు. ఎవరిది ఒప్పో ఈనాటికీ నాకు తెలియదు. వాళ్ళు వాదించుకుంటుండగానే పాకం మాడిపోయింది.

మాడిన వాసన పాక అంతా నిండింది. పెదనాన్న కూలీలందరి ముందూ "నీకు బుద్దెప్పుడొస్తాదిరా?" అన్నాడు.

"నాకు బుద్ది నేదు" అన్నాడు నాన్న. "బుద్ది నేనోడితో నీకు మాటలెందుకు? ఇకమీద నీతో మాటాడితే నా నోట్లో బూడిదే."

అంతటితో ఊరుకోలేదు. వంగి పొయ్యి మూతి దగ్గర చిటికెడు బూడిద తీసుకుని నాలిక మీద వేసుకున్నాడు. బూడిద వేడిగా ఉన్నట్టుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెదనాన్న అది చూశాడు. ఆ క్షణంలో ఆయన "ఒరే, ఉమ్మెయ్యరా" అంటే సరిపోయేదని నేను వెయ్యిసార్లు అనుకున్నాను. ఆయన మాత్రం "నువ్వు మానేస్తే నాను మాటాడతానేటి? నాకేటి నోటి దురదా?" అన్నాడు. అన్న తమ్ముణ్ణి "నువ్వు" అని పిలవడం అదే ఆఖరు.

ఆ రాత్రి అమ్మ అన్నం వడ్డిస్తూ నవ్వింది. "కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. పోన్లెండి, అన్నదమ్ములకి ఆ లెక్క నేదు. రేపొద్దున్న నూతి కాడ మీరే మాటాడతారు" అంది.

పొద్దున్న నూతి దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. వేసవి. రెండు చేలకీ ఆ నుయ్యే ఆధారం. ఆయిలింజను వంతుల వారీగా వేసుకునేవారు. ఆవేళ వంతెవరిదో తేలాలి. నాన్న గట్టు మీద నిలబడి ఎటో చూస్తూ నన్ను పిలిచాడు.

"ఒరే, సెప్పరా మీ పెదనాన్నకి. ఇయ్యాల నీల్లు మాకు."

పెదనాన్న చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాడు. ఆయన చెవిటివాడు కాదు. నేను ఆయన వైపు తిరిగి "పెదనాన్నా, ఇయ్యాల నీల్లు మాకంట" అన్నాను. ఆయన నాన్నని చూడకుండా "ఇన్నానని సెప్పరా మీ నాన్నకి. రేపు మాకు" అన్నాడు. నేను ఇటు తిరిగి అది చెప్పాను. ఇదేదో కొత్త ఆట అనుకుని నవ్వొచ్చింది నాకు. ఆ ఆట నా చదువు పూర్తయ్యే దాకా సాగుతుందని తెలిస్తే ఆవేళే నూతిలో దూకేవాణ్ణేమో.

నేను బడికెళ్ళినప్పుడు ఆ ఉద్యోగం పెరట్లో గేదెకి పడేది. ఇది వేళాకోళం కాదు. నాన్న గేదె వీపు మీద నీళ్ళు పోస్తూ "ఏమే, పెద్దాయన కాల్లో ముల్లు దిగినట్టుంది. కుంటతన్నాడు. సూపించుకోమను" అనేవాడు. గేదె నెమరు వేసేది. గడ్డి మోపు దించుతూ పెదనాన్న "సూపించుకుంటాడ్లెయే. ఇంజనుకి నూనె తక్కువుంది, ముందది సూసుకోమను" అని ఆ గేదెకే జవాబు చెప్పేవాడు. సాయంత్రం నేను వచ్చేసరికి కాలికి పసుపు కట్టు ఉండేది, ఇంజన్లో నూనె ఉండేది. పని ఏదీ ఆగలేదు. అందుకే నాకు మరీ దిగులుగా ఉండేది. మాటల్లేకపోతే బతుకు ఆగిపోతుందంటే ఎవరో ఒకరు లొంగేవారు. మా ఇంట్లో ఏదీ ఆగలేదు.

ఒట్టు తప్పకుండా వాళ్ళు కట్టుకున్న చట్టం ఒక్కటే. ఒకరి కళ్ళలోకి ఒకరు చూసి "నువ్వు" అనకూడదు. "అన్నా" అనకూడదు, "ఒరే" అనకూడదు. లోకంలో మిగతా మాటలన్నీ వాడుకోవచ్చు. వాగుడుకాయల్ని నోట్లో నువ్వుగింజ నాననివాళ్ళంటారు. వీళ్ళిద్దరి నోళ్ళలో ఆ ఒక్క "నువ్వు" ఏళ్ళ తరబడి నానుతూనే ఉండిపోయింది.

చిన్నతనంలో ఒకసారి నేనే కలుపుదామనుకున్నాను. పెదనాన్న జ్వరంతో పడుకుంటే వెళ్ళి, "ఎలాగుందో అడగమన్నాడు నాన్న" అన్నాను. నాన్న అనలేదు. పెదనాన్న దుప్పటి తీసి నన్ను చూసి నవ్వాడు.

"మీ నాన్న అలాగ అడగడ్రా. 'పడుకున్నోడికి సేనెవుడు సూస్తాడో అడుగు' అంటాడు. అది నీ మాట."

మర్నాడు నేను చెప్పకుండానే నాన్న నన్ను పిలిచాడు. "ఒరే, పడుకున్నోడికి సేనెవుడు సూస్తాడో అడిగిరా." అక్షరం తేడా లేదు. అన్న ఇంత కచ్చితంగా ముందే చెప్పేస్తే ఇక ఆ మాటలో నాన్న ఎక్కడున్నాడు? గడియారం ఇప్పుడు ఎంత కొడుతుందో ఇంట్లో అందరికీ తెలిసినట్టు, ఆయన ఏమంటాడో ఆయన అన్నకి తెలుసు. అయితే గడియారానికి తను స్వేచ్ఛగా కొట్టాననే భ్రమ ఉండదు. నాన్నకి ఉంది. ఆ జ్వరం తగ్గేదాకా రెండు చేలూ నాన్నే తడిపాడు, అదీ ఎవరూ అడక్కుండానే.

పెద్దవాణ్ణయ్యాక నాన్నని సూటిగా అడిగాను, ఎందుకు మాట్లాడవని. మొండితనమో, పంతమో, ఒట్టు భయమో చెబుతాడనుకున్నాను. నాన్న చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే తనలోకి చూసుకుని వెతుక్కుంటున్నట్టు మొహం పెట్టాడు.

"బుద్ది పుట్టనేదురా" అన్నాడు.

"పుట్టించుకోవచ్చు కదా?"

"అదెవుడైనా పుట్టించుకుంటాడేట్రా? పుడితే పుడతాది, నేపోతే నేదు."

పెదనాన్ననీ అడిగాను. ఆయన చుట్ట నోట్లోంచి తీసి, కాస్త ఆలోచించి, ఆ ముక్కే అన్నాడు. "బుద్ది పుట్టడం నేదురా."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకాలని ఊళ్ళో అనుకునేవారు. అది తప్పు. కుందేలుకి నాలుగు కాళ్ళని ఇద్దరికీ తెలుసు. నాలుగో కాలు చూపించడానికి చెయ్యి లేవడం లేదు, అంతే.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఆలోచించిన కొద్దీ మన భాషంతా నాన్న పక్షానే ఉందనిపించింది. మనం కోపం చెయ్యం, మనకి కోపం వస్తుంది. జాలి కలుగుతుంది. ఆకలేస్తుంది. నిద్ర పడుతుంది. బుద్ధి కూడా వస్తే రావాలి, పుడితే పుట్టాలి. చెయ్యి రాలేదంటాం, నోరు రాలేదంటాం, మనసొప్పలేదంటాం. అన్నీ ఎక్కడినించో రావాలి, ఒప్పుకోవాలి, పట్టాలి. మనిషి చేసేదేమిటి మరి? మనిషి మనసు మా చోడవరం బస్టాండే. వచ్చే బస్సు వస్తుంది, రాని బస్సు రాదు. బెంచీ మీద కూర్చున్నవాడికి ఏ బస్సు మీదా అధికారం లేదు. నాన్న ఆ బెంచీ మీద నిజాయితీగా కూర్చున్నాడు. ఆయన ఎదురు చూసిన బస్సు రాలేదు.

విశాఖపట్నం కాలేజీలో మా లెక్చరరు ఒకరోజు స్వేచ్ఛ గురించి చెబుతూ కుడిచెయ్యి పైకెత్తాడు. "ఎత్తాలనుకున్నాను, ఎత్తాను. ఎవరు ఆపారు? ఇదే స్వేచ్ఛ" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "ఎత్తాలని అనుకోవాలని ఎప్పుడనుకున్నారండి?"

క్లాసంతా నవ్వింది. ఆయన ఎత్తిన చెయ్యి దించకుండా కాసేపు అలాగే ఉండిపోయాడు. పాపం మంచివాడు, కోప్పడలేదు. "కూర్చో" అన్నాడు. నాకు కూర్చోవాలని లేదు. కూర్చున్నాను. ఆ సాయంత్రం బీచి రోడ్డు మీద నడుస్తూ నాకు ఎందుకో ఏడుపొచ్చింది. చెయ్యెత్తడం ఎవరికైనా వచ్చు. ఎత్తినా దించినా ఎవరికీ ఏమీ కాని చెయ్యది. తమ్ముడి భుజం మీద వెయ్యాల్సిన చెయ్యి సంగతి ఆ పాఠంలో లేదు.

ఎమర్జెన్సీ వేసవిలో సెలవులకి ఇంటికొచ్చాను. దేశమంతా నోరు మూసుకున్న రోజులు, నేనూ మూసుకుందామనుకున్నాను. నా లెక్క ఇది. వాళ్ళిద్దరి మధ్యా ఉన్న వంతెన నేను. వంతెన తీసేస్తే నీళ్ళలోనైనా దిగి కలవాలి కదా. గేదె అప్పటికి పోయింది, కొత్తది కొనలేదు. నూతిగట్టు మీద నాన్న మామూలుగా "ఒరే, సెప్పరా మీ పెదనాన్నకి" అని మొదలెట్టాడు. నేను పలకలేదు.

"నోరు పడిపోనాదేట్రా?"

"పడిపోలేదు. మీరు చెప్పుకోండి" అన్నాను. నా బతుకులో నా అంతట నేను చేశాననుకున్న పని అదొక్కటే.

ఇద్దరూ నా వైపు చూశారు. తర్వాత, మాటలు పోయాక మొదటిసారి, ఒకరి మొహం వైపు ఒకరు చూసుకున్నారు. ఎండ చుర్రుమంటోంది. నాన్న పెదాలు కదిలాయి. పెదనాన్న మెడ ముందుకు వంగింది, వినడానికి. నాన్న నోరు తెరిచి, మూసి, పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పెదనాన్న ఇంజను మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడి, ఆయనా వెళ్ళిపోయాడు. ఆవేళ ఎవరి చేనూ తడవలేదు.

ఆ రోజు నించి ఉన్న ఆ కాస్తా పోయింది. ఒకరు నూతి దగ్గరికొస్తే ఇంకొకరు రావడం మానేశారు. నేను నా పట్టు విడవలేదు. కొన్నాళ్ళకి పెద్దమ్మ మా వంటింటి వైపు గుమ్మం లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మళ్ళీ మొదలెట్టరా బాబూ. ఆ మాత్రం మాటైనా నేపోతే మీ పెదనాన్న ముద్ద మింగడం నేదు. 'తమ్ముడు ఏటైనా అన్నాడా' అని పొద్దస్తమానం నన్నే అడుగుతన్నాడు" అంది.

అమ్మ పొయ్యి దగ్గర నించి తిరక్కుండా "ఈయనా అంతే" అంది.

మర్నాడు నూతి దగ్గరికెళ్ళి నా చోట్లో నేను నిలబడ్డాను. నాన్న నన్ను చూడగానే ఆయన మొహంలో వచ్చిన వెలుగు చూస్తే నాకు వాళ్ళిద్దరి మీదా కోపం, జాలి కలిసి వచ్చాయి. "ఒరే, సెప్పరా మీ పెదనాన్నకి, సెరుకు ఎర్రబడతందని." చెప్పాను. ఇష్టపడి చెప్పానా? జాలేసింది, చెప్పాను. ఆ జాలిని నేను పిలవలేదు.

నాకు ఉద్యోగం రాకముందే పెదనాన్న మంచం పట్టాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళుంచి, ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. తీసుకెళ్ళమంటే అర్థం మాకు తెలుసు. పెద్దమ్మకీ తెలుసు. ఆయనకీ తెలుసు. ఇక మిగిలింది ఒక్కటే. ఆ ప్రాణం పోయేలోగా ఈ ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకుంటారా లేదా అన్నది. వీధిలో ఆడవాళ్ళు కూడా అదే అడిగేవారు. జబ్బెలా ఉందని ఎవరూ అడగలేదు.

నాన్న రోజూ పొద్దున్నే వచ్చి పెదనాన్న ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. గుమ్మం లోపలికి రాడు. లోపల దగ్గు వినబడితే ఉలిక్కిపడేవాడు. "ఏటైనా తాగేడేమో అడుగు" అనేవాడు. నేను లోపలికెళ్ళి అడిగొచ్చేవాణ్ణి. మధ్యాహ్నం ఎండ అరుగు మీదికి వచ్చినా కదిలేవాడు కాదు. ఆ మనిషికి ప్రేమ లేదని అన్నవాడి నాలిక కొయ్యాలి. అన్న కోసం కాళ్ళు, చేతులు, నిద్ర, తిండి అన్నీ ఇచ్చాడు. నోరొక్కటే ఇవ్వలేకపోయాడు.

ఆఖరి రోజు ముందు సాయంత్రం పెదనాన్న కళ్ళు తెరిచాడు.

"మీ నాన్న బయటున్నాడేట్రా?"

"ఉన్నాడు పెదనాన్నా."

కాసేపు కప్పు వైపు చూసి, "రమ్మను" అన్నాడు.

పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను బయటికి పరిగెత్తాను. "నాన్నా, పెదనాన్న రమ్మంటన్నాడు. నిన్నే. లోపలికి రమ్మన్నాడు" అన్నాను. నాన్న గబుక్కున లేచాడు. కండువా దులుపుకున్నాడు. గుమ్మం దాకా వచ్చాడు. ద్వారబంధం మీద చెయ్యేసి నిలబడ్డాడు. లోపల మంచం కనబడుతోంది, మంచం మీద మనిషికీ గుమ్మంలో మనిషి కనబడుతున్నాడు. నాన్న నిలబడ్డ చోటే నిలబడ్డాడు. ఆయన మొహం చూడలేకపోయాను. బరువెత్తబోయి ఎత్తలేనివాడి మొహంలా నరాలు పొంగాయి. ఆఖరికి నా చెవిలో "రేపొస్తానని సెప్పరా" అని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. వెంటపడి దారిలో పట్టుకున్నాను. "రెండడుగులు! రెండడుగులు వెయ్యలేకపోయావా?"

"ఎయ్యాలనే అనుకున్నాన్రా" అన్నాడు నాన్న. ఏడుస్తున్నాడు. "నా మీదొట్టు, ఎయ్యాలనే అనుకున్నాను. కాలు రానేదు."

నేను ఆయన్ని నమ్మాను. అదే నా ఖర్మ. అబద్ధమాడుతున్నాడనుకుంటే ఈ జన్మంతా హాయిగా తిట్టుకుంటూ బతికేవాణ్ణి.

లోపలికెళ్ళి పెదనాన్నకి "రేపొస్తాడంట" అన్నాను. ఆయన చిన్నగా నవ్వినట్టే ఉంది.

"రాడ్లేరా. ఆడి సంగతి నాకు తెలుసు. ఆడు మంచం మీదుండి నన్ను రమ్మంటే నాను మాత్రం ఎల్తానేటి?"

తెల్లారి పెద్దమ్మ పాలు పట్టుకెళ్ళేసరికి ఆయన లేడు.

అప్పుడు నాన్న గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. అప్పుడు కాలు వచ్చింది. అందరి కంటే ముందు తనే మంచం దగ్గరికెళ్ళి అన్న కళ్ళు మూశాడు, పాదాలు సరిచేశాడు. ఊరి పెద్దలు తలకొరివి నన్నే పెట్టమన్నారు, పెద్దమ్మ కూడా అదే అంది. నేను నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాను. నాన్న పాడె ముందు కొమ్ము మోశాడు. మధ్యలో ఎవరు భుజం మార్చుకుంటామన్నా ఇవ్వలేదు.

చెరుకు చేల పక్కనుంచే దారి. మా రెండు చేల గట్లూ దాటాక ఒక ఖాళీ స్థలం ఉంది. నా పక్కన నడుస్తున్న ఊరి పెద్దాయన "దింపండ్రా" అన్నాడు. ఆ మాట వినగానే నాన్న తల చటుక్కున పైకి లేచింది. మాడిన బెల్లం వాసన నాకే కొట్టిందో, ఆయనకీ కొట్టిందో తెలియదు. ఈసారి ఎవరూ వాదించలేదు. పాడె నేల మీదికి దిగింది.

అది దింపుడు కళ్ళం. శ్మశానానికి కాస్త ఇవతల శవాన్ని దించి, అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఎక్కడైనా ప్రాణం మిగిలి ఉంటే, తనవాళ్ళ గొంతు విని వెనక్కి వస్తుందని. అలా వెనక్కి వచ్చినవాళ్ళెవరూ లేరు. అందుకే ఇంక జరగనిదాన్ని దింపుడు కళ్ళం ఆశ అంటారు.

"రక్తం పంచుకున్నోడివి నువ్వొక్కడివే. పిలువు" అన్నాడు పెద్దాయన నాన్నతో.

పాడె వెంట వచ్చినవాళ్ళంతా దగ్గరికి జరిగారు. చావుకొచ్చినట్టు లేరు, ఏదో చూడ్డానికి వచ్చినట్టున్నారు. ఎన్నో ఏళ్ళుగా ఊరంతా ఎదురు చూసిన మాట ఇది. నా సంగతి సరేసరి. ఇప్పుడిక ఓడిపోవడానికి ఎవరున్నారు? నవ్వడానికి, తిరిగి జవాబివ్వడానికి ఎవరున్నారు? ఒట్టు పెట్టుకున్నది బతికున్న మనిషితో. ఇంతకంటే స్వేచ్ఛ ఏ మనిషికీ దొరకదు. అన్నా అంటే చాలు.

నాన్న మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వంగి, అన్న చెవి దగ్గర నోరు పెట్టాడు. నోరు తెరిచాడు. గొంతు కదిలింది. చేలో గాలి ఆడుతోంది, ఆకు చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ నోరు తెరిచాడు. పెద్దాయన "పిలువు, పిలువు" అంటున్నాడు. నాన్న చెయ్యి నేల మీద మట్టిని పిడికిలి పట్టి నలుపుతోంది.

అలా వంగి ఉండే, తల కాస్త పక్కకి తిప్పి, నా కోసం వెతికాడు.

"ఒరే" అన్నాడు. "సెప్పరా మీ పెదనాన్నకి. లెగమని."

నేను కుండ పక్కన పెట్టి, వెళ్ళి రెండో చెవి దగ్గర వంగాను. నా గొంతు నాకే వినబడింది. "పెదనాన్నా, నాన్న లెగమంటన్నాడు." ఒకసారి. "పెదనాన్నా, నాన్న లెగమంటన్నాడు." రెండోసారి. మూడోసారి ఎలా చెప్పానో తెలియదు.

తర్వాత, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, నేను నాన్న వైపు తిరిగాను. నాన్న కూడా అలవాటు కొద్దీ నా మొహం వైపే చూస్తున్నాడు.

"ఏటన్నాడ్రా?" అన్నాడు.

పెద్దాయన ఎత్తమన్నాడు. నలుగురూ పాడె ఎత్తారు. నాన్న మాత్రం మోకాళ్ళ మీదే ఉండి, నేను జవాబు చెబుతానని చూస్తూ ఉన్నాడు.